ఇటికిబండి చూడ్డానికి రైలా, బస్సా?

రండి, ఇలా దగ్గరకొచ్చి కూర్చోండి. ఆ పీట ఒక పక్కకి ఊగుతుంది, చాప మీదే కూర్చోండి. జీడిపప్పు పొట్టు ఉంటే పక్కకి దులిపీండి, బట్టలకేమీ అంటుకోదు. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను, చెవి కాస్త ఇటు పెట్టాలి. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. కాగితం మీద చదివింది నాకు నిలవదు గానీ చెవిలో పడిన మాట మాత్రం ఈ వయసులోనూ చెక్కు చెదరదు.

మొన్న మా మనవరాలు, దాని మొగుడు మా ఇంటికొచ్చి ఒకటే తగువు. పెళ్ళయి ఏడాది కాలేదు. ఇద్దరికీ ఒక్కరోజు సెలవు కలిసొచ్చిందట, శాలిహుండం కొండ మీద బౌద్ధుల నాటి కట్టడాలు చూసొద్దామనుకున్నారు. పిల్ల రైలంటుంది, ఆ అబ్బాయి బస్సంటాడు. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లే. రైలు ఎక్కడుందో ఇది చూపిస్తుంది, బస్సు ఎన్నింటికో అతను చూపిస్తాడు. "అమ్మమ్మా, నువ్వు సెప్పు, రైలా, బస్సా?" అని నా మీదకొచ్చింది. నాకు నవ్వాగలేదు. లేచెళ్ళి ఇనప్పెట్టె అడుగు నుంచి ఒక పాత గోనెసంచి తీసి వాళ్ళ ముందు పడేశాను. సంచికి ఒక మూల రెండు పిడికిళ్ళు పట్టేంత కన్నం. "ఈ తగువు మా ఇంట్లో ఎప్పుడో అయిపోయిందే. ఇదిగో, దాని గుర్తు" అన్నాను. వాళ్ళకి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

మేము ఉద్దానం వాళ్ళం. అక్కుపల్లికి ఇవతల, సముద్రం హోరు వినపడే దూరంలో మా ఊరు. కొబ్బరిచెట్ల కింద ఇల్లు, ఇంటి వెనక జీడితోట. మా నాన్నమ్మని మేము మామ్మ అని పిలిచేవాళ్ళం. మామ్మని తలుచుకుంటే ముందు నా ముక్కుకి తగిలేది కాల్చిన జీడిపిక్కల పొగ. తెల్లారి లేచి ప్రార్థన చేసుకొని, గంజి తాగి, చేతులకి బూడిద రాసుకొని పిక్కలు కొట్టడానికి కూర్చునేది. జీడిరసం పడి పడి ఆవిడ వేళ్ళు నల్లగా, చింతబెరడులాగ ఉండేవి. ఆ వేళ్ళతో నా తల దువ్వితే గరగరలాడేది, అయినా ఆ దువ్వుడే నాకు ఇష్టం. పిక్కలు గంపకెత్తే ముందు, మేము అడిగినా అడక్కపోయినా, కొన్ని పిక్కలు తీసి చాప మీద గుండ్రంగా పేర్చేది. నడుమ ఒక చిన్న గుండ్రం, చుట్టూ ఒక పెద్ద గుండ్రం, లోపల్నుంచి బయటికి వరసలు. బండిచక్రం. చక్రంలో నడుమ నుంచి అంచుదాకా పోయే కర్రల్ని మేము ఆకులంటాం. ఆ ఆకుల్ని మామ్మ ఎప్పుడూ ఒకే లెక్కకి పేర్చేది, ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. "ఇదీ మా అయ్య సూసినాది" అనేది. అని, చేత్తో ఒక్క తుడుపు తుడిచి గంపలోకి ఎత్తేసేది.

మామ్మ వాళ్ళ అయ్య కూలి చేసుకొని బతికినవాడు. ఆయన పడుచు వయసులో శాలిహుండం కొండని తవ్విస్తున్నారని, మట్టితట్టలు మొయ్యడానికి మనుషులు కావాలని ఎవరో చెబితే ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళాడట. వేసవంతా అక్కడే ఉండి, కాళ్ళు పగిలి, ఎండకి మాడిపోయి తిరిగొచ్చాడు. వచ్చి ఊళ్ళో చెప్పాడు: "భూమిలోపల బండిసక్రం ఉందర్రా. ఇటికిల్తో కట్టీసేరు. మన ప్రార్థనాలయం దాన్లో పట్టీసినంత ఉంది. సుట్టూ అంచు, లోపల ఆకులు. అన్నీ ఈ కళ్ళతో లెక్కెట్టినాను." ఊరు ఊరంతా పడి పడి నవ్వింది. "ఇటికిల్తో సక్రం కడితే ఎద్దుల్ని దేంతో సేసేర్రా, సున్నంతోనా?" అన్నాడట ఒకడు. ఇక అంతే. ఆ రోజు నుంచి ఆయన ఇటికిబండోడు. ఆయనేం చెప్పినా, సొర చేప ఒడ్డుకొచ్చిందన్నా, తోటలో నక్క తిరుగుతోందన్నా, "ఇటికిబండి మీద ఒచ్చినాదేటి?" అని ఎగతాళి. కూతురి పెళ్ళప్పుడు కూడా, "పిల్లని ఇటికిబండి మీద పంపుతావా?" అన్నారు. చివరికి ఆయన్ని సమాధి చేసేటప్పుడు వెనకనుంచి ఎవడో, "ఓలమ్మా, ఇటికిబండి ఎక్కీసినాడు" అంటే పక్కవాడు కిసుక్కున నవ్వాడట. ఆ నవ్వు మామ్మ విన్నది. మామ్మ ఎవర్నీ ఏమీ అనలేదు, గానీ మర్చిపోనూ లేదు.

ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో, పూర్వం ఒక ప్రవక్త ఆకాశంలో చక్రాలు చూశాడని, చక్రంలో చక్రం ఉందని చెప్పారు. అందరూ తలలూపారు. ఆరాధన అయ్యాక మామ్మ గుమ్మం దగ్గర నిలబడి, "ఆకాశంలో సక్రం అంటే తలకాయలూపేరు. నేలమీద సక్రం అంటే నవ్వేరు. ఇదేటి నాయం?" అంది.

ఆ ఏడే మామ్మ కళ్ళకి పొర కమ్మింది. పలాసలో డాక్టరు చూసి, పొర ఒక్కటే కాదు, లోపల నరం దెబ్బతింది, ఇప్పుడు చేసేదేం లేదన్నాడు. పొద్దున్నుంచి పొద్దువాలేదాకా మనుషులు ఆనతారు, కనపడతారు. పొద్దు వాలిందా, గోడ తడుముకోవడమే. ఇంటికొచ్చి గడప మీద కూర్చుని మామ్మ ఇద్దరు కొడుకుల్నీ పిలిచింది. "నాకేటీ అక్కర్నేదు. ఈ కళ్ళు మూతపడకముందు నన్ను ఆ కొండకి తీసుకెళ్ళండి. పొద్దుండగా ఒక్కసారి సూసీసొస్తాను. మా అయ్య అబద్ధమాడేడో, నేదో."

"అబద్ధమే అయితే?" అన్నాడు మా బాబాయ్.

"అయితే అవినీ. నాకు తెలియాలి కదరా."

అక్కడ మొదలైంది తగువు. మా నాన్న పలాస స్టేషన్లో జీడిపప్పు బస్తాలు మోసేవాడు, ఆయనకి రైలంటే దేవుడిచ్చిన వాహనం. మా బాబాయ్ టెక్కలి బస్టాండు పక్కన టీ కొట్టు పెట్టుకున్నాడు, ఆయన లోకమంతా బస్సులే. వారం రోజులు మా ఇంట్లో అన్నం ఉడికినా ఉడక్కపోయినా ఈ మాట ఉడికింది.

"రైలు పట్టా తప్పదురా. నీ బస్సుకి గేదె అడ్డొచ్చినా ఆగాల, మేక అడ్డొచ్చినా ఆగాల" అన్నాడు నాన్న.

"నీ రైలు ఆమదాలవలసలో పడేసి తన దారిన తను పోతాది. అక్కణ్ణుంచి శ్రీకాకుళం బస్సే, శ్రీకాకుళం నుంచి కొండకీ బస్సే. ఎలాగూ బస్సు కాళ్ళే పట్టుకోవాలంటే, ఇక్కడే పట్టుకుంటే పోనేదేటి?"

"అమ్మకి బస్సు పడదు. మొన్న టెక్కలి ఎల్లినప్పుడేటైనాదో మర్చిపోనావా?"

టెక్కలి వెళ్ళినప్పుడు మామ్మ పక్కన కూర్చున్న పెళ్ళిళ్ళ పేరయ్య ఒళ్ళో వాంతి చేసుకుంది. ఆయన మళ్ళీ మా వీధికి రాలేదు. మా అమ్మ పొయ్యి ఊదుతూ, "అన్నదమ్ములిద్దరూ తామే తోలుతున్నట్టు సెప్తన్నారు" అంది. అప్పుడు మామ్మ పిక్కలు కొట్టడం ఆపింది.

"మా అయ్య నడిసెల్లేడ్రా. రెండు రాత్రులు దారిలో తొంగున్నాడు. మీరు కూకొని ఎల్లడానికి కొట్టుకుంటన్నారు." తీర్పు కూడా తనే చెప్పింది: "ఎల్లడం రైలు, రావడం బస్సు. ఒకడి మాట ముందు, ఒకడి మాట ఎనక. ఇంక నోరు మూసుకోండి." నన్నూ తీసుకెళ్తానంది. నాకప్పుడు తొమ్మిదో, పదో.

బయల్దేరే ముందురోజు మామ్మ పెరట్లో కూర్చుని పీచు తీసిన కొబ్బరికాయలు ఒక్కొక్కటే చెవి దగ్గర ఆడించి, నీళ్ళున్నవి ఏరి ఈ గోనెసంచిలో వేసింది. ఎవరూ ఎందుకని అడగలేదు. ఉద్దానంలో ఎవరింటికెళ్ళినా ఉత్త చేతులతో వెళ్ళం కదా. పెళ్ళికి కాయలు, పురిటికి కాయలు, ఆస్పత్రిలో ఉన్నవాడికీ కాయలే. "కొండ మీద ఎవలున్నారమ్మా, ఇవ్వడానికి?" అని మాత్రం నాన్న అన్నాడు. మామ్మ వినపడనట్టు లెక్కపెట్టుకుంటూనే ఉంది.

తెల్లారి పలాసలో పాసింజరెక్కాం. మామ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టాం. రైలు కదిలాక నాన్న ముఖం చూడాలి, తనే ఇంజను నడుపుతున్నట్టు కూర్చున్నాడు. పూండి దాటి నౌపడ వచ్చేసరికి ఉప్పు మళ్ళ మీద ఎండ పడి, ఉప్పు కుప్పలు తెల్లగా మెరిసి నా కళ్ళు మూతలు పడ్డాయి. మామ్మ మాత్రం రెప్ప వెయ్యకుండా చూసింది. "ఇది కనపడతంది. బాగానే కనపడతంది" అని తనలో తను అనుకుంది. ఉప్పుని చూసి మురిసిపోయే మనిషి కాదు మామ్మ. తన కళ్ళని పరీక్ష పెట్టుకుంటోందని నాకు చాలా ఏళ్ళ తరవాత తట్టింది.

ఆమదాలవలసలో దిగాం. బాబాయ్ సంచిని ఒక్క ఊపున భుజానికెత్తాడు. ఎలకలు కొరికిందో, పాత సంచో, మూల చిరిగి కాయలన్నీ ప్లాట్‌ఫారం మీద దొర్లిపోయాయి. పీచు తీసిన కాయ ఎలా దొర్లుతుందో మీకు తెలుసు కదా. ఒకటి టీ అమ్మేవాడి కాళ్ళ మధ్యకి, ఒకటి పడుకున్న కుక్క దగ్గరికి, ఒకటి గంప దించుకుంటున్న చేపలావిడ మీదకి. నేను కాయల వెంట, బాబాయ్ నా వెంట. "ఏటండీ, రైల్లో కాయలు పండిస్తన్నారేటి?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వుతూనే ఏరి ఇచ్చారు. ఒక్క కాయ మాత్రం అంచుదాకా దొర్లి రైలు కిందకి పడింది. నాన్న వంగి చెయ్యి పెట్టబోయాడు. ఈల పడింది. "పోనీరా! కాయ పోతే పోనీ, నువ్వు లెగు!" అని మామ్మ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. రైలు కదిలింది. కింద ఫట్‌మని చప్పుడు.

నాన్న తువ్వాలుతో సంచి మూల బిగించి కట్టాడు. మామ్మ సంచిలో చెయ్యి పెట్టి కాయలు తడిమి లెక్కపెట్టింది. మళ్ళీ పెట్టింది. "ఒకటి తక్కువైనాది."

"మనూళ్ళో కాయలకి కరువేటమ్మా" అన్నాడు బాబాయ్. మామ్మ ముఖం మొక్కు చెడినదానిలాగ అయిపోయింది. ఆ హడావిడిలో శ్రీకాకుళం బస్సు వెళ్ళిపోయింది. తరవాతి బస్సుకి చాలాసేపు కూర్చున్నాం. శ్రీకాకుళంలోనూ అంతే. రైలని ఒకరూ బస్సని ఒకరూ వారం రోజులు కొట్టుకున్నవాళ్ళు, ఆ బెంచీ మీద పక్కపక్కనే కూర్చొని పొద్దుకేసి చూస్తున్నారు. ఇద్దరి భయమూ ఒకటే. పొద్దు వాలితే మామ్మకి కొండా ఒకటే, గోడా ఒకటే.

కొండ కిందకి చేరేసరికి ఎండ పసుపు రంగు తిరిగింది. కాపలా ఆయన మెట్ల దగ్గర లేచి నిలబడ్డాడు. "ఈ వేళప్పుడు పైకెవలమ్మా? పొద్దోయిపోతంది." ఆయన కళ్ళు సంచి మీద పడ్డాయి. "కొబ్బరికాయలా? ఇది గుడి కాదమ్మా. ఇక్కడ కాయ కొట్టకూడదు, నాను కొట్టనివ్వను."

"కొట్టడానికి కాదు బావూ. లెక్కకి."

"లెక్కేటి?"

"మా అయ్య లెక్క" అంది మామ్మ. నిలబడే, మూడు ముక్కల్లో ఆయనకంతా చెప్పింది. తట్టలు మోసిన సంగతి, ఊరి నవ్వు, తన కళ్ళు. ఆయన కాసేపు ఆవిడ నల్లటి వేళ్ళకేసి చూశాడు. తరవాత సంచి తనే అందుకొని మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

పైకెళ్ళాక ఏం చూశానో చెప్పడానికి నాకు ఇప్పటికీ మాటలు చాలవు. కొండంతా ఇటుకలే. ఎర్రటి ఇటుకలు, మా పొయ్యిరాయికి రెండింతలు ఒక్కొక్కటీ. గుండ్రం పక్కన గుండ్రం, అరుగు పక్కన అరుగు, ఊరొకటి కూర్చుని అలాగే నేలలోకి కుంగిపోయినట్టు. కింద వంశధార వెడల్పుగా, మెల్లగా సముద్రంలోకి పోతోంది. గాలి తప్ప చప్పుడు లేదు. మా ఇంట్లో చాప మీద మామ్మ పేర్చిన పిక్కల చక్రం నాకు ఆటవస్తువు. ఇక్కడ ఎవరో, ఎన్ని తరాల కిందటో, ఇన్ని ఇటుకలు మోసుకొచ్చి, ఎవరూ లేని ఈ కొండ మీద ఇంత పని చేశారు. వాళ్ళ పేర్లు లేవు. వాళ్ళ మాట లేదు. పనే ఉంది.

"ఇదేనమ్మా, సక్రంలాగ కట్టిన స్తూపం" అని కాపలా ఆయన ఒకచోట ఆగాడు.

నేల మీద పెద్ద గుండ్రం. లోపల గడ్డి. గడ్డిలోంచి నడుమ నుంచి అంచుదాకా ఇటుకల వరసలు, ఎర్రగా. నాన్న గట్టిగా ఊపిరి పీల్చాడు. బాబాయ్ నెత్తి మీద తువ్వాలు తీసేశాడు.

మామ్మకి ఆ వెలుతురులో అంచు కనపడింది, లోపలి వరసలు కనపడలేదు. "గుండ్రం సూస్తన్నాను. ఆకులు ఆనట్నేదు. ఒలే గుంటా, చెయ్యి పట్టుకో" అంది నాతో. సంచి చేతికి తీసుకుంది. అంచు వెంట నడుస్తూ, వరస వచ్చిన ప్రతిచోటా నేను ఆపితే, వంగి చేత్తో ఇటుక తడిమి, అక్కడ ఒక కాయ పెట్టింది. మళ్ళీ నడక, మళ్ళీ ఒక కాయ. ఆకుకొక కాయ. అప్పుడు మాకందరికీ అర్థమైంది ఆ కాయలు ఎవరికిచ్చేవీ కావని. వాళ్ళ అయ్య చెప్పిన లెక్కకి, ఒక్కో ఆకుకి ఒక్కోటి ఏరుకొచ్చింది. కాపలా ఆయన అడ్డుచెప్పలేదు, చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

సంచి ఖాళీ అయిపోయింది. నేను ముందుకి చూశాను. ఇంకో వరస ఉంది. దాని దగ్గర కాయ లేదు.

"అమ్మా, ఒకాకు ఎక్కువుంది. తాత లెక్క తప్పీసినాడేటి?" అన్నాడు బాబాయ్, మెల్లగా, నవ్వకుండా.

"ఆమదాలవలసలో ఒక కాయ పోనాది కదరా" అన్నాడు నాన్న.

మామ్మ నా భుజాలు పట్టుకొని ఆ ఖాళీ ఆకు దగ్గరికి తీసుకెళ్ళింది. "నువ్విక్కడ నిలబడే. కదలకు." నేను నిలబడ్డాను. కాళ్ళ కింద ఇటుక పగటి ఎండనంతా దాచుకొని వెచ్చగా ఉంది. మామ్మ వెనక్కి నడిచి, చక్రం మొత్తాన్ని ఒకసారి చూసింది. ఎంత కనపడిందో ఆ దేవుడికే తెలుసు. చేతులెత్తి, నదికేసి కాదు, ఆకాశానికేసి కాదు, ఆ ఇటుకలకేసే అంది: "అయ్యా, సరిపోనాదయ్యా. సరిపోనాది."

కాయలన్నీ కాపలా ఆయనకే ఇచ్చేసింది. "మా అయ్య మీ ఊరి గంజి తాగేడు బావూ, మీ పిల్లలకి ఇవ్వు" అంది. ఖాళీ సంచి మాత్రం మడిచి చంకలో పెట్టుకుంది.

తిరుగు ప్రయాణం మాట ఇచ్చినట్టే బస్సు. మామ్మకి వాంతి రాలేదు. నరసన్నపేట దగ్గర పక్క సీటావిడ, "ఏ ఊరమ్మా, ఎవలోళ్ళు?" అని పలకరించింది. మామ్మ నిటారుగా కూర్చుంది. "ఉద్దానం. ఇటికిబండోడి కూతుర్ని" అంది. ఆ పేరు ఆవిడ నోటెంట రావడం నేను అదే మొదటిసారి వినడం. టెక్కలిలో బాబాయ్ తన కొట్టు తెరిపించి మా అందరికీ అల్లం టీ ఇచ్చాడు, రైలు గురించి ఒక్క ఎత్తిపొడుపూ లేకుండా.

ఆ ఆదివారం పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పేవాళ్ళున్నారా అని అడిగారు. జ్వరం తగ్గిందనో, పంట పండిందనో చెప్పుకొనే వేళ అది. మామ్మ కర్ర ఊతంగా లేచింది. "కొండ మీద ఇటికిల సక్రం ఉంది. మా అయ్య సెప్పిన లెక్కకే ఉంది. మా అయ్య అబద్ధమాడనేదు. ఇదే నా సాక్ష్యం" అని కూర్చుంది. వెనక వరసలోంచి ఒక ముసలాయన, వెనకటికి సమాధి దగ్గర ఎగతాళి చేసిన ఇద్దరిలో ఒకడట, గొంతు సవరించుకొని, "ఆమేన్" అన్నాడు. ఏడు తిరక్కముందే మామ్మ కళ్ళు పూర్తిగా పోయాయి. అయినా రోజూ పిక్కలు పేర్చేది, చూడకుండా, అదే లెక్కకి. పోయేదాకా.

ఇప్పుడు చూడండి. పెద్ద తుఫాను మా కొబ్బరిచెట్లని అగ్గిపుల్లల్లాగ విరిచేసింది, పెట్టిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. పిక్కలు మిషన్లు కొడుతున్నాయి, ఆడపిల్లల వేళ్ళు తెల్లగా ఉన్నాయి, అది మంచిదే. తాగే నీళ్ళు డబ్బాలో కొనుక్కుంటున్నాం, అదే మంచిది కాదు. చక్రం కావాలన్నా ఫోన్లో చూపిస్తారు, వేలితో తోస్తే పెద్దదవుతుంది, చిన్నదవుతుంది. మా మనవరాలూ చూపించింది. బాగుంది. కానీ దాని మీద నిలబడితే అరికాలికి వెచ్చగా ఉండదు కదా.

"ఇంతకీ ఎన్నాకులు అమ్మమ్మా?" అని అడిగింది అది. మీరూ అడగబోతున్నారని తెలుసు. చెప్పను. చెబితే నమ్మాలి, నమ్మకపోతే నన్నూ ఇటికిబండిదనంటారు. వెళ్ళి లెక్కపెట్టుకోండి. మనవరాలికీ, దాని మొగుడికీ మామ్మ తీర్పే చెప్పాను, వెళ్ళడం రైలు, రావడం బస్సు. ఆ రాత్రే సూది, దారం తీసి సంచి కన్నం కుట్టేశాను. కొత్త కాపు కాయలు ఏరి, చెవి దగ్గర ఆడించి, సంచిలో వేసిచ్చాను.

"సరిగ్గా లెక్కకేనా?" అంది.

"ఒకటి తక్కువ" అన్నాను. "దాని దగ్గర నువ్వు నిలబడాలి."

పొద్దెక్కింది, మీకూ పనులుంటాయి. వెళ్ళిరండి. మీ ఇంటి పెద్దలు చెప్పిన మాటకి మీ ఇంట్లో నమ్మే చెవులుండాలి. మీ చెట్టు కాయలో తీపి నీళ్ళు, మీ బావిలో మంచి నీళ్ళు ఊరాలి. మీ గడప దిగినవాడు ఉత్త చేతులతో పోకూడదు, మీ పిల్లలు ఎంత దూరమెళ్ళినా పొద్దుండగా ఇల్లు చేరాలి. చల్లగా ఉండండి.